అంచనా ఎవరిది?

ఉత్పత్తి విధానంలో మార్పు వచ్చినప్పుడల్లా దాన్ని గురించి రెండు రకాల మాటలు వినిపిస్తాయి. మార్పును తెచ్చినవాళ్ళు అది అందరి మేలు కోసమే వచ్చిందంటారు. మార్పు ఎవరి నెత్తిన పడిందో వాళ్ళు అది తమను పిండటానికే వచ్చిందంటారు. రెంటిలోనూ కొంత నిజం వుండటంవల్ల అసలు సంగతి తేలటం కష్టమవుతుంది. పాతికేళ్ళుగా సాఫ్ట్‌వేరు పరిశ్రమలో వ్యాపించి ఇవాళ చిన్నా పెద్దా కంపెనీలన్నిటా చలామణీ అవుతున్న ఎజైల్ పద్ధతి విషయం కూడా ఇంతే.

మన రచయితలు మగ్గాన్ని గురించి, బొగ్గుగనిని గురించి, బీడీల చాటను గురించి రాశారు. మాదాపూర్‌లోనూ గచ్చిబౌలిలోనూ అద్దాల మేడల్లో జరిగే పనిని గురించి రాసినవారు తక్కువ. ఆ మేడల్లోని జీతాలను గురించి, అప్పులను గురించి, అమెరికా ప్రయాణాలను గురించి కథలు వచ్చాయి. పనిని గురించి కాదు. అక్కడ పొద్దున్నుంచి రాత్రిదాకా మనిషి చేసేదేమిటి, ఎవరి మాటమీద చేస్తాడు, "ఇది ఇన్ని రోజులు పడుతుంది" అని చెప్పే హక్కు ఎవరిది — ఇవి సాహిత్యానికి పట్టని ప్రశ్నలు కావు. నేను ఇరవై ఏళ్ళుగా అక్కడ టెస్టరుగా పనిచేస్తున్నాను. ఇతరులు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకటం నా వృత్తి. విమర్శ వ్యాసాలు అచ్చువేసే పత్రిక చదివేవారికి ఆ వృత్తి మరీ పరాయిదిగా తోచదనుకుంటాను.

ఎజైల్ రాకముందు వున్న పద్ధతిని వాటర్‌ఫాల్, అంటే జలపాతం, అంటారు. నీళ్ళు పైమెట్టు నుంచి కిందిమెట్టుకు దూకినట్టు పని దశలవారీగా దిగుతుంది. మొదట క్లయింటుకు కావలసినవన్నీ ఒక పత్రంలో రాసుకుంటారు. తర్వాత నమూనా గీస్తారు. తర్వాత కోడు రాస్తారు. ఆఖరున పరీక్షిస్తారు. దూకిన నీళ్ళు మళ్ళీ పైకి ఎక్కవు. విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికన్ ఇంజనీరు 1970లో ఒక వ్యాసంలో ఈ మెట్లబొమ్మ గీశాడు. ఆ వ్యాసంలో జలపాతమన్న మాట లేదు. పైపెచ్చు, ఇట్లా చేస్తే ప్రమాదమనీ, పరీక్ష చిట్టచివర జరుగుతుంది గనక తప్పు బయటపడేసరికి వెనక్కు వెళ్ళి చాలావరకు తిరగరాయవలసి వస్తుందనీ ఆయన అక్కడే హెచ్చరించాడు. పరిశ్రమ బొమ్మను తీసుకుని హెచ్చరికను వదిలేసింది.

ఎందుకు వదిలేసింది? బుద్ధిలేక కాదు. ఆ బొమ్మ కాంట్రాక్టుకు అనుకూలం. ఏం చేయాలో ముందే రాసిపెట్టుకుంటే ధర ముందే కట్టవచ్చు. ఒక్కొక్క మెట్టు దగ్గర ఒక్కొక్క సంతకం తీసుకుంటే తేడా వచ్చినప్పుడు ఎవరిని పట్టుకోవాలో తెలుస్తుంది. అన్నిటికన్న ముఖ్యం, ఆలోచించేవాళ్ళను ఒక గదిలో, చేసేవాళ్ళను మరొక గదిలో కూచోబెట్టవచ్చు. ఆ రెండో గది సముద్రాలకు ఇవతల, తక్కువ జీతాల దేశంలో వున్నా ఫరవాలేదు. హైదరాబాదులో సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. అక్కడికి వచ్చిన పనిలో చాలా భాగం ఈ రెండో గది పనే.

ఇది కంప్యూటర్లతో పుట్టిన ఆలోచన కాదు. ఫ్రెడరిక్ టేలర్ 1911లోనే, పని ఎట్లా చేయాలో నిర్ణయించటం యాజమాన్యం వంతు, నిర్ణయించినట్టు చేయటం కార్మికుడి వంతు అని సిద్ధాంతీకరించాడు. లెనిన్ 1914లో టేలర్ పద్ధతి మనిషిని యంత్రానికి బానిసను చేసేదని ఖండించాడు. 1918లో అదే లెనిన్, అందులో శాస్త్రీయమైన అంశాన్ని సోవియట్ రాజ్యం నేర్చుకోక తప్పదన్నాడు. ఆ ఆశ అక్కడ ఎంతవరకు నెరవేరిందన్నది వేరే చర్చ. బుర్రనూ చేతినీ విడదీయటమే పెట్టుబడిదారీ ఉత్పత్తి లక్షణమని హారీ బ్రేవర్‌మన్ 1974లో ఒక పెద్ద గ్రంథమే రాశాడు. సాఫ్ట్‌వేరు పనివాడు బుర్రతో పనిచేసేవాడు గదా, అతనికిది ఎట్లా వర్తిస్తుందని అడగవచ్చు. బుర్రపనిలోనూ పై బుర్ర, కింది బుర్ర వున్నాయి. అంచనా కట్టేది పై బుర్ర. దానికి సరిపడా రాత్రిళ్ళు మేలుకునేది కింది బుర్ర.

కాలువ చివరి భూములకు నీళ్ళు అందవన్నది మనకు తెలిసిన సంగతే. పై భూములవాళ్ళు వాడుకోగా మిగిలితేనే కిందికి వస్తాయి. జలపాత పద్ధతిలో టెస్టరు స్థితి అదే. కాకపోతే ఇక్కడ అందనిది నీరు కాదు, కాలం. 2013లో మా టీము చేసిన పనిని ఉదాహరణగా చెబుతాను. అమెరికాలో ఒక ఆరోగ్య బీమా కంపెనీకి ఆస్పత్రుల నుంచి వచ్చే బిల్లులను పరిశీలించే ప్రోగ్రాము అది. మేం పద్నాలుగుమందిమి. అవసరాల పత్రం తయారు కావటానికి ఐదు నెలలు పట్టింది. 300 పేజీలు దాటింది. ఇరుపక్షాల పెద్దలూ సంతకాలు చేశారు. కోడు రాయటానికి ఆరు నెలలన్నారు, ఎనిమిది నెలలయింది. పరీక్షకు పది వారాలు అనుకున్నారు. ఇచ్చే తేదీ మాత్రం మారదు గనక మాకు మిగిలింది రెండు వారాలు. ఆ రెండు వారాలూ నలుగురు టెస్టర్లం ఇంటికి బట్టలు మార్చుకోవటానికి వెళ్ళివచ్చాం. అయినా తప్పులు మిగిలాయి. "టెస్టింగువాళ్ళు చూసుకోలేదా?" అని అమెరికా నుంచి ప్రశ్న వచ్చింది. పత్రంమీద సంతకాలు చేసినవాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు.

ఈ స్థితిమీద తిరుగుబాటుగా పుట్టింది ఎజైల్. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో పదిహేడుమంది కూడి ఒక ప్రకటన చేశారు. కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్, మార్టిన్ ఫౌలర్, రాన్ జెఫ్రీస్ మొదలైనవారు వాళ్ళలో వున్నారు. పదిహేడుమందీ మగవాళ్ళేనన్నది కూడా చెప్పుకోవాలి. ప్రకటనకు మానిఫెస్టో అని పేరు పెట్టుకున్నారు. ఆ మాట వినగానే మన బోటివాళ్ళకు 1848 గుర్తుకు రావచ్చుగాని, అంత ఆశ పెట్టుకోనక్కరలేదు. వాళ్ళు చెప్పింది చాలా సాధారణమైన సంగతి. పనిముట్లకన్న మనుషులు ముఖ్యం. పత్రాలకన్న నడిచే ప్రోగ్రాము ముఖ్యం. కాంట్రాక్టు బేరాలకన్న కొనేవారితో కలిసి పనిచేయటం ముఖ్యం. పథకాన్ని పట్టుకు వేళ్ళాడటంకన్న మార్పుకు సిద్ధపడటం ముఖ్యం.

ఈ మాటల వెనక వున్న చరిత్ర మాటలకన్న విలువైనది. కెంట్ బెక్ 1996 నుంచి క్రిస్లర్ మోటారు కంపెనీలో జీతాల లెక్కల ప్రోగ్రాము మీద పనిచేస్తూ కొన్ని నియమాలు రూపొందించి, 1999లో పుస్తకంగా ప్రకటించాడు. ఆ పన్నెండు నియమాలలో ఒకటి వారానికి 40 గంటల పని. 2001 ప్రకటనతోపాటు వచ్చిన సూత్రాలలోనూ, ఎంతకాలమైనా అలసిపోకుండా సాగించగలిగిన వేగంతోనే పని నడవాలన్నది ఒకటి. 1886లో చికాగో కార్మికులు 8 గంటల పనిదినం కోసం చేసిన పోరాటం మరొక శతాబ్దంలో, మరొక భాషలో, కోడు రాసేవాళ్ళ నోట మళ్ళీ వినిపించిందన్న మాట. రెండో పాయ జపాను నుంచి వచ్చింది. టాకేయూచి, నోనకా అనే ఇద్దరు 1986లో రాసిన వ్యాసంలో, కొత్త వస్తువులు తయారుచేసే కంపెనీలలో జట్టు మొత్తం బంతిని అందించుకుంటూ ముందుకు సాగటాన్ని రగ్బీ ఆటతో పోల్చారు. స్క్రమ్ అన్న పేరు ఆ ఆటదే. అంతకుముందు నుంచే టొయోటా కర్మాగారాలలో, లోపం కంటబడ్డ కార్మికుడు పక్కనున్న తాడు లాగే ఏర్పాటు వుంది. లోపం అక్కడికక్కడ సర్దుకోకపోతే లైను ఆగుతుంది. టొయోటా ధర్మసత్రమేమీ కాదు. లాభం కోసమే ఆ తాడు కట్టింది. అయినా తాడు కార్మికుడి చేతికి అందేచోట వుండటం చిన్న విషయం కాదు.

రెండు పాయల సారాంశమూ ఒకటే. పని ఎంతో, ఎట్లాగో చెప్పవలసినవాడు పనిచేసేవాడే. అవసరమైతే ఆపవలసినవాడూ అతడే.

మా కంపెనీకి ఎజైల్ 2014లో ఒక ఈమెయిలు రూపంలో వచ్చింది. వచ్చే నెల 1వ తేదీ నుంచి మీ టీము ఎజైల్ అని అందులో వుంది. మీ పని మీరే నిర్ణయించుకోండని హుకుం జారీ చేయటంలోని వింత ఎవరికీ తట్టినట్టు లేదు. రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. ప్రాజెక్టు మేనేజరు పేరు స్క్రమ్ మాస్టర్ అయింది, మనిషి మారలేదు. గోడమీద బోర్డు పెట్టి రంగు చీటీలు అతికించారు. పని రెండేసి వారాల స్ప్రింట్లుగా విభజించారు. ఎనిమిది రోజులు కోడు రాయటం, చివరి రెండు రోజులు పరీక్ష. అంటే ఏడాదికొక పెద్ద జలపాతం పోయి, పక్షానికొక చిన్న జలపాతం వచ్చింది. కాలువ చివర నా పొలం ఎక్కడ వున్నదో అక్కడే వుంది.

రోజూ టీము అంతా పదిహేను నిమిషాలు కూడి, నిన్న ఏంచేశాం, ఇవాళ ఏంచేస్తాం, ఎక్కడ చిక్కుకున్నాం అని ఒకరికొకరు చెప్పుకోవాలన్నది అప్పట్లో స్క్రమ్‌లో ఒక నియమం. మాకది రాత్రి 8:30కి పెట్టారు. చలికాలంలో అప్పటికి న్యూయార్కులో ఉదయం 10 గంటలు. పదిహేను నిమిషాలు కాస్తా యాభై నిమిషాలయింది. ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసినవాళ్ళం ఒకరి తర్వాత ఒకరం ఫోనుకు సంజాయిషీ చెప్పుకున్నాం. అది సంభాషణ కాదు, హాజరుపట్టీ. ఇంట్లో పసిపిల్లలున్న ఆడవాళ్ళం ఒక చేత్తో అన్నం కలుపుతూ, ఫోను మూగబెట్టి, పేరు పిలిచినప్పుడు మూత తీసి మాట్లాడేవాళ్ళం.

ఇక పాయింట్ల సంగతి. ఒక పని ఎంత కష్టమో రోజుల్లో చెప్పటం కష్టం గనక 1, 2, 3, 5, 8, 13 అని పాయింట్లలో చెబుతారు. ఇది టీము తనలో తాను పోల్చుకోవటానికి వాడే కొలత. మా దగ్గర ఎట్లా జరిగిందంటే, కడప జిల్లా నుంచి వచ్చిన ఒక అమ్మాయి, వుద్యోగంలో రెండో ఏడు, ఒక పనికి ఎనిమిది అన్నది. "ఎనిమిదా? అయిదుకు మించదమ్మా. ఇట్లాంటివి ఎన్ని చేయలేదు?" అన్నాడు మేనేజరు. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి, "సరే సార్, అయిదే" అన్నది. తర్వాత టీ తాగుతుంటే నన్నడిగింది:

"అక్కా, అంకె ఆయనే చెప్పేటట్టయితే నన్నెందుకు అడిగినట్టు?"

ఎజైల్‌మీద నేను చదివిన పుస్తకాలలో ఇంత సూటి ప్రశ్న లేదు. అడగకుండా తేదీ చెబితే, ఆ తేదీ తప్పినప్పుడు చెప్పినవాడు బాధ్యుడు. అడిగి, తనకు కావలసిన జవాబే రాబట్టుకుంటే బాధ్యత ఆ అమ్మాయిది. "నువ్వే చెప్పావుగా అయిదని!" పాత పద్ధతిలో మాకు నిర్ణయం లేదు, నింద వుంది. కొత్త పద్ధతిలో నింద మా సంతకంతోనే వచ్చింది.

స్ప్రింటు పూర్తయ్యేసరికి టీము ఎన్ని పాయింట్ల పని చేసిందో దాన్ని వెలాసిటీ, అంటే వేగం, అన్నారు. పక్క టీము వేగం 60, మీది 42 మాత్రమే ఎందుకని అమెరికానుంచి అడిగారు. రెండు నెలలు తిరక్కుండా మాకూ 60 వచ్చింది. పని ఏమీ పెరగలేదు. పాయింటు చిక్కిపోయింది. ధరలు పెరిగినప్పుడు రూపాయికి జరిగేదే పాయింటుకూ జరిగింది.

ఇంతటితో ఆపితే ఎజైల్ అంతా యాజమాన్యపు మోసమని తేల్చినవాళ్ళమవుతాం. వాస్తవం అంత సులభం కాదు. స్ప్రింటు చివర రెట్రో అనే సమావేశం వుంటుంది. ఏది బాగా జరిగింది, ఏది జరగలేదు, ఏం మార్చాలి అని టీము తనను తాను విమర్శించుకోవాలి. ఆత్మవిమర్శ అన్న మాట మనకు కొత్తది కాదు. మొదటి అయిదారు రెట్రోలు మౌనవ్రతాలే. "అంతా బాగానే వుంది సార్" అని లేచిపోయేవాళ్ళం. ఒకసారి మేనేజరు చెల్లెలి పెళ్ళికి సెలవుమీద వెళ్ళాడు. ఫోనులో అమెరికావాళ్ళు కూడా లేరు. ఆరోజు రెట్రో రెండున్నర గంటలు జరిగింది. ముఖ్యమైన సంగతేమంటే, అది తెలుగులో జరిగింది. మాలో ఇద్దరు తమిళులు, ఒక ఒడియా కుర్రవాడు వున్నారు. వాళ్ళ కోసం మధ్యమధ్య ఇంగ్లీషూ హిందీ దొర్లాయి. ఇంగ్లీషు సమావేశాల్లో ఏడాదిపాటు పెదవి విప్పనివాళ్ళు ఆరోజు ఆగకుండా మాట్లాడారు.

నాలుగు తీర్మానాలు చేసుకున్నాం. ఒకటి, పరీక్ష పూర్తికాని పనిని అయిపోయినట్టు లెక్కవేయకూడదు. కోడు రాసేవాడి పక్కన టెస్టరు మొదటిరోజు నుంచే కూచోవాలి. రెండు, చేతిలో వున్నది ముగించకుండా ఎవరూ కొత్త పని తీసుకోకూడదు. మూడు, మాలో మేం మాట్లాడుకునే సమావేశం ఉదయం పదింటికి. అమెరికాతో మాట్లాడవలసింది వారానికి రెండుసార్లు, సాయంత్రం ఆరున్నరకు. నాలుగు, అంచనా ఎవరూ పైకి చెప్పకూడదు. అందరూ అంకెల చీట్లు బోర్లించి పెట్టి, ఒకేసారి తిప్పాలి. అన్నిటికన్న ఎక్కువ, అన్నిటికన్న తక్కువ వేసినవాళ్ళు కారణం చెప్పాలి. పని చేయనివాళ్ళకు చీటీ లేదు.

ఈ నాలుగోది మేం కనిపెట్టింది కాదు. జేమ్స్ గ్రెనింగ్ 2002లో ప్రచారంలోకి తెచ్చిన ఆట అది. దాని విలువ మన సమాజంలో మరింత ఎక్కువ. పెద్దవాడు ముందు నోరు తెరిస్తే చిన్నవాళ్ళు తల వూపటం మనకు చిన్నప్పటి నుంచి అలవాటు. వయసు, కులం, చదివిన కాలేజీ, ఇంగ్లీషు యాస, ఆడా మగా — వీటిలో ఏదీ బోర్లించిన చీటీమీద కనిపించదు. మూడో వారంలో ఒక పనికి అందరం 3 వేశాం. కడప అమ్మాయి 13 వేసింది. కారణం చెప్పమన్నాం. నెట్‌వర్కు మధ్యలో తెగితే పాత ప్రోగ్రాము అదే బిల్లును రెండోసారి పంపుతుందనీ, దానిమీద కడితే ఒక్కొక్క ఆస్పత్రికి రెండుసార్లు డబ్బు వెళుతుందనీ ఆమె చూపించింది. ఆ సంగతి ఆమెకు నాలుగు నెలలుగా తెలుసు. అడిగినవారు లేరు.

మేనేజరు తిరిగివచ్చి కొంత గింజుకుని, చివరకు ఒప్పుకున్నాడు. ఆయన దుర్మార్గుడు కాడు. పైనుంచి దిగే తేదీకీ కిందినుంచి లేచే నిజానికీ మధ్య నలిగే మనిషి. తేదీలు ఎట్లాగూ తప్పుతున్నాయి గనక ఆయనకు పోయేదేమీ లేదు. ఆరు నెలలు తిరిగేసరికి శనివారాలు మావి మాకు వచ్చాయి. ఏడాది చివర కట్టకట్టుకుని బయటపడే తప్పులు రాసిన మర్నాడే దొరికాయి. ఆ ఆరు నెలలూ నా వృత్తిమీద నాకు గౌరవం కలిగింది.

అప్పుడే మరొకటి జరిగింది. వాడేవారికి రెండు వారాలకొకసారి ప్రోగ్రాము చూపించాలన్న నియమం ప్రకారం, ఒహాయో రాష్ట్రంలో బిల్లులు పరిశీలించే ఒక గుమాస్తా వీడియోలో మాతో కూచున్నది. తొమ్మిదేళ్ళ వుద్యోగంలో నేను పరీక్షించిన ప్రోగ్రామును వాడే మనిషిని చూడటం నాకదే మొదలు. మేం తయారుచేసిన తెరమీద ఇరవై రెండు గళ్ళున్నాయి. ఆమె ఆరు గళ్ళే వాడుతుంది. ఆమెకు నిజంగా కావలసిన సంకేతాల పట్టిక తెరమీద లేదు. తన కంప్యూటరు అంచుకు అతికించుకున్న పసుపుపచ్చ కాగితంమీద వుంది. 300 పేజీల పత్రంలో ఎక్కడా లేనిది ఆ కాగితంలో వుంది. రెండు వారాల్లో దాన్ని తెరమీదికి తెచ్చాం. చూసి సంతోషించింది. తర్వాత, కొంచెం ఆగి, "ఇది పూర్తయ్యాక మాలో ఎంతమందిని వుంచుతారో మీకేమైనా తెలుసా?" అని అడిగింది.

మాలో ఎవరూ పలకలేదు. మేనేజరు తర్వాతి అంశానికి వెళ్ళాడు.

ఎజైల్ సిద్ధాంతంలోని పెద్ద ఖాళీ నాకు అక్కడ కనిపించింది. కస్టమరును సంతృప్తిపరచాలని ఆ ప్రకటన చెబుతుంది. కస్టమరంటే ఎవరు? ప్రోగ్రామును వాడే గుమాస్తానా? డబ్బిచ్చి కొని, ఆ గుమాస్తాను తగ్గించుకోదలచిన కంపెనీయా? ఒక్క మాట కింద రెండు వర్గాలను ఇరికించి, రెంటి ప్రయోజనమూ ఒకటేనని అనుకున్నారు. మాదాపూర్‌లో నేనూ, ఒహాయోలో ఆమే ఒకరి పని ఒకరికి అర్థమయ్యేంత దగ్గరకు వచ్చాం. ఆ దగ్గరితనాన్ని కొనుక్కున్నవాడు మాత్రం మూడోవాడు.

మరుసటి ఏడు పై అధికారి మారాడు. కొత్తాయన పాయింట్లను మనిషివారీగా లెక్కతీయించి జీతాల సమీక్షలో చేర్చాడు. అట్టడుగున తేలిన నలుగురిని రాజీనామా చేయమన్నారు. వాళ్ళలో ఒకడు మాలోకెల్లా అనుభవజ్ఞుడు. అతని పాయింట్లు నిజంగానే తక్కువ. రోజంతా తోటివాళ్ళ చిక్కులు విప్పటంతోనే అతనికి సరిపోయేది. ఆ సాయం అతని ఖాతాలో కాక వాళ్ళ ఖాతాల్లో పడింది. ఆ నెల నుంచి ఎవరికెవరూ సాయం చేయలేదు. చీట్లు అబద్ధాలు చెప్పటం మొదలుపెట్టాయి. రెట్రోలో మళ్ళీ "అంతా బాగానే వుంది సార్". బోర్డు అట్లాగే వుంది. రంగు చీటీలు అట్లాగే వున్నాయి. తతంగంలో ఒక్క లోపం లేదు. అందరికీ అన్నీ తెలియాలని పెట్టిన బోర్డు, మా సంగతి పైవాళ్ళకు తెలిపేదేగాని, పైవాళ్ళ సంగతి మాకు తెలిపేది కాలేదు.

ఇది మా ఒక్క టీము కథ అయితే రాయవలసిన అవసరం లేదు. పద్ధతిని పుట్టించినవాళ్ళే ఇదే సంగతి చెప్పారు. ప్రకటనమీద సంతకం చేసిన డేవ్ థామస్ 2014లో, ఆ పేరును అమ్ముకునే సరుకుగా మార్చారనీ, పేరు చచ్చిపోయిందనీ రాశాడు. మార్టిన్ ఫౌలర్ 2018లో ఆస్ట్రేలియాలో మాట్లాడుతూ, ఎజైల్ పేరుతో ఒక వ్యాపార వ్యవస్థ బయలుదేరి పనిచేసేవాళ్ళ నెత్తిన పద్ధతులు రుద్దుతున్నదని బాధపడ్డాడు. రాన్ జెఫ్రీస్ 2019లో, ఈ పాయింట్లను కనిపెట్టింది బహుశా తానేననీ, అదే నిజమైతే అందుకు విచారిస్తున్నాననీ అన్నాడు. 2020లో సవరించిన స్క్రమ్ మార్గదర్శిలో పాయింట్ల వూసే లేదు. పని ఎంతో తేల్చవలసింది ఆ పని చేసేవాళ్ళేనని మాత్రం స్పష్టంగా వుంది. ఇన్ని సర్టిఫికెట్లు పంచినవాళ్ళు ఆ ఒక్క వాక్యాన్ని అమలు జరిపితే మా అమ్మాయి ప్రశ్నకు జవాబు దొరికేది.

ఈ విషయంలో రెండు పొరపాటు అభిప్రాయాలు ప్రచారంలో వున్నాయి. పద్ధతి మంచిదే, అమలు చేసేవాళ్ళు సరిగా లేరన్నది మొదటిది. శిక్షణ ఇచ్చేవాళ్ళకు ఇది లాభసాటి వాదం. ఫలితం రానప్పుడల్లా మరో రెండు రోజుల శిక్షణ అమ్మవచ్చు. పద్ధతిలోనే మోసం వుంది, పాతదే నయమన్నది రెండోది. పాతదాని కింద కాలువ చివర బతికినదాన్ని గనక నేను దీన్ని ఒప్పుకోలేను. ఈ రెండు వాదాలూ పద్ధతిని గురించే మాట్లాడతాయి. అధికారాన్ని గురించి మాట్లాడవు. బోర్లించిన చీటీ మా టీములో ఆరు నెలలు నిజం చెప్పింది, ఆరు నెలల తర్వాత అబద్ధం చెప్పింది. చీటీ అదే. నిజం చెప్పినందుకు వుద్యోగం పోదన్న ధైర్యం మొదట వుంది, తర్వాత పోయింది.

ఆ ధైర్యాన్ని ఏ శిక్షణా ఇవ్వదు. 40 గంటల వారమన్న నియమం ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగు పుస్తకంలో వుంది, మా దగ్గర దాని పేరెత్తినవారు లేరు. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలలో రోజుకు 10 గంటలదాకా, వారానికి 48కి మించకుండా, పనిచేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. దానికి ఎదురుచెప్పే శక్తి రంగు చీటీలకు లేదు. కర్ణాటకలో 2024లో పనిదినాన్ని 14 గంటలదాకా పెంచే ప్రతిపాదన వచ్చినప్పుడు దాన్ని ఎదిరించటానికి ముందుకు వచ్చింది అక్కడి ఐటి వుద్యోగుల సంఘం. సంఘమంటే గేటు బయట జెండా పట్టుకునేవాళ్ళ వ్యవహారమనీ, మనం ఇంజనీర్లమనీ అనుకునే మధ్యతరగతి బిడియం మావాళ్ళలో ఇంకా పోలేదు.

ఇప్పుడు యంత్రాలే కోడు రాస్తున్నాయి. నిరుడు ఒక కుర్రవాడు ఒక పనికి 8 వేస్తే, "కోడు మిషనే రాస్తుంది గదా, 2 వెయ్యి" అన్నారు. యంత్రం రాసినదాన్ని చదివి, నమ్మవచ్చునో లేదో తేల్చి, తెల్లవారి ఆస్పత్రి బిల్లు తప్పితే జవాబు చెప్పవలసింది ఆ కుర్రవాడే. అంచనా మళ్ళీ అతని చేతినుంచి జారిపోతున్నది, ఈసారి యంత్రం సాకుతో.

కనక మా పరిశ్రమలో మార్పు కోరేవాళ్ళు అడగవలసినవి కొన్ని వున్నాయి. పని చేసేవారి అంచనాను పని చేయనివారు దిద్దకూడదు. టీము తనకోసం వేసుకున్న లెక్కలు జీతాల సమీక్షకు పోకూడదు. రాత్రి సమావేశాలు పనిగంటల్లో లెక్కకు రావాలి. తప్పు కనిపించినప్పుడు రిలీజును ఆపే హక్కు దాన్ని పరీక్షించినవారికి వుండాలి. ప్రోగ్రామును వాడే మనిషితో మాట్లాడే అవకాశం వుండాలి. ఆ మనిషి వుద్యోగం సంగతి అడిగితే తర్వాతి అంశానికి వెళ్ళిపోకూడదు. ఇవన్నీ ఎజైల్‌కు విరుద్ధమైనవి కావు. కొన్ని దాని సూత్రాలలోనే వున్నాయి, మిగిలినవి ఆ సూత్రాలు నిజం కావాలంటే తప్పనిసరి. వీటిని దయగా ఇచ్చిన యాజమాన్యాన్ని నేను చూడలేదు. పద్నాలుగుమంది ఒక్క మాటమీద నిలబడ్డప్పుడు కాదనగలిగిన యాజమాన్యాన్ని కూడా, ఆ ఆరు నెలలూ, నేను చూడలేదు.